మర్దనవృత్తియు మణికట్టు బాధయు

ఇరువదినాలుగేండ్ల యువతి యొకతె జిల్లా ఆసుపత్రిలో ఎముకల వైద్యుని గది ముందు బల్లపై కూర్చుండి యున్నదని అనుకొందము. ఆమెది నిజామాబాదు ప్రాంతములోని పల్లె. చదువు మానిన నాటినుండి తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టినది. ఇప్పుడు పంచకర్మ కేంద్రములలో మర్దనము చేయు శిక్షణలో చేరవలెనని ఆమె సంకల్పము. ఫీజు కట్టుటకు మహిళాసంఘమువారు అప్పు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. కాని కొన్ని నెలలుగా నడిరేయి కుడిచేయి తిమ్మిరియెక్కి ఆమెకు మెలకువ వచ్చుచున్నది. లేచి చేయి విదిలించినచో కొంతసేపటికి నెమ్మదించును. తెల్లవారిన తరువాత ఆ సంగతి ఎవరికిని చెప్పదు. చెప్పినయెడల అప్పు ఇవ్వరేమోయని భయము.

“డాక్టరుగారూ, ఈ చేతితో నేనాపని చేయగలనా? అప్పు తీసికొనమందురా, వద్దందురా?” ఆమె అడుగదలచిన ప్రశ్న ఇది.

దీనికి అవుననియో కాదనియో ఒక్కమాటతో బదులు చెప్పుట సులభమే గాని న్యాయము కాదు. చేతి జబ్బులన్నియు ఒకటి కావు. మర్దన పద్ధతులును అన్నియు ఒకటి కావు. తనకున్న జబ్బు ఏదో నిర్ణయింపజేసికొని, దానికి హానిచేయు పద్ధతులను విడిచి, తగిన పద్ధతులను చేపట్టగలిగినవారిలో చాలమంది ఈ వృత్తిలో నిలువగలరు. జబ్బును దాచి, పేరు తెలిసికొనక, నొప్పిమాత్ర మ్రింగి పనిలో దిగినవారికి అప్పు మిగిలి చేయి పోవు ప్రమాదము కలదు. తేడా అంతయు అప్పు తీసికొనుటకు ముందు కొన్ని వారములలో ఆమె చేయు పనులపై ఆధారపడియున్నది.

మన దేశమునకు మర్దనము క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయములో దినచర్యను చెప్పుచు అభ్యంగనమును విధించినారు. మంత్రసాని పసిబిడ్డను చాచిన కాళ్ళపై పరుండబెట్టి నూనెరాచి నలుగుపెట్టుట మన తల్లులందరును ఎరిగినదే. మంగలి తలకు చేయు మాలీషు ఎరుగని ఊరు లేదు. ‘నొక్కుము’ అను అర్థము గల ‘చాంపో’ అను హిందీ మాటయే ఇంగ్లీషువారి నోట ‘షాంపూ’ అయినది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అను నాతడు పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణములో మర్దన స్నానశాలను నడిపి అక్కడి ప్రభువర్గమువారికి ఈ విద్య రుచి చూపెను.

క్రొత్తది విద్య కాదు, దాని పరిమాణము. మంత్రసాని ఒక యింటిలో బిడ్డకు నీళ్ళుపోసి, బాలింతరాలికి ఒళ్ళుపట్టి, మరియొక పనికి పోవును. నేటి పంచకర్మ కేంద్రములోను, హోటలునకు చేరిన మర్దనశాలలోను ‘థెరపిస్టు’ అని పిలువబడు పనివారు ఒకరి తరువాత ఒకరికి దినమంతయు మర్దనము చేయుదురు. పెండ్లిండ్ల ఋతువులోను, పర్యాటకులు వచ్చు నెలలలోను ఊపిరి సలుపదు. ఒక్కచేతికి ఇంతపని, ఇంత యెడతెగక, పూర్వము ఉండలేదు. ఆ చేతికి అంతకుముందే జబ్బు ఉన్నయెడల లెక్క మరింత జాగ్రత్తగా వేసికొనవలెను.

మణికట్టు లోపల ఏమున్నదో తెలిసికొన్నచో తరువాతి మాటలు సులభముగా బోధపడును. ఎనిమిది చిన్న యెముకలు అచట దోనెవలె అమరియున్నవి. ఆ దోనెపై గట్టి స్నాయుబంధము మూతవలె పరచుకొని యున్నది. ఈ రెంటి నడుమ ఏర్పడిన ఇరుకు సొరంగము గుండ వ్రేళ్ళను ముడుచు తొమ్మిది స్నాయువులును, వానితో కలిసి ఒక నరమును అరచేతిలోనికి పోవును. ఆ నరమునకు మధ్యమ నరమని పేరు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము, వీనికి స్పర్శజ్ఞానము నిచ్చునది ఇదియే. బొటనవ్రేలి మొదట నున్న కండలో ముఖ్యభాగమును కదలించునదియు ఇదియే.

సొరంగము గోడలు సాగవు. స్నాయువుల చుట్టు నున్న పొర వాచినను, ఒడలిలో నీరు చేరినను నలిగిపోవునది మెత్తని నరమే. మణికట్టును క్రిందికి గాని మీదికి గాని బాగుగా వంచినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగును. నిద్రలో మనము తెలియకయే చేయి వంచుకొని పండుకొందుము గనుక తిమ్మిరి రాత్రులందు మొదలగును. దీనినే వైద్యులు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు. మన యువతి చెప్పిన గుర్తులు చాలవరకు దీనివే. చిటికెనవ్రేలికి మాత్రము తిమ్మిరి ఉండదు, ఏలయన దాని నరము వేరుమార్గమున పోవును. ఈ ఒక్క విషయమును రోగి గమనించి చెప్పినచో వైద్యునికి సగము దారి చూపినట్లే.

మర్దనము చేయువారు ఈ సొరంగమును నిత్యము రెండు విధముల బాధింతురు. అరచేతి మడమను ఆనించి, మణికట్టును వెనుకకు విరిచి, మీద బరువు వేయుట మొదటిది. వ్రేళ్ళతో కండను పట్టి పిసుకుట రెండవది. మొదటిదానిలో సొరంగము పైననే ఒత్తిడి పడును. రెండవదానిలో లోపలి తొమ్మిది స్నాయువులును బిగిసి రాపిడి పొందును. బీడీలు చుట్టుటలోను, పిండి పిసుకుటలోను, బట్టలు పిండుటలోను ఇట్టి శ్రమయే కలదు. అందుచేత జబ్బు పుట్టిన చోటు ఇంటిపనియా, పాత వృత్తియా, క్రొత్త వృత్తియా యని తేల్చుట కష్టము. తేల్చనవసరము కూడ అంతగా లేదు, చేయి ఒక్కటే గదా.

రెండవ ముఖ్యమైన చోటు బొటనవ్రేలు. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ ద కెర్వాన్ 1895లో వర్ణించిన జబ్బు ఒకటి ఆయన పేరనే వ్యవహారములో నున్నది. బొటనవ్రేలిని మీదికెత్తు రెండు స్నాయువులు మణికట్టు ప్రక్కన, బొటనవ్రేలి వైపున, ఒక ఇరుకు తొడుగులోనుండి పోవును. ఆ తొడుగు మందమై స్నాయువులను బిగించివేసిన, చెంబు ఎత్తినను గుడ్డ పిండినను అచ్చట కత్తితో పొడిచినట్లు పోటు వచ్చును. పసిబిడ్డను మాటిమాటికి చంకల క్రింద చేతులుంచి ఎత్తు క్రొత్త తల్లులకు ఇది తరచుగా వచ్చును. మర్దనములో బొటనవ్రేలిని చాచి, మణికట్టును చిటికెనవ్రేలి వైపునకు త్రిప్పి, పొడవుగా రాచు కదలికయే దీనికి శత్రువు.

బొటనవ్రేలి మొదటి కీలు అరుగుట మరియొకటి. నలువది యేండ్లు దాటిన స్త్రీలలో ఇది హెచ్చు. చిటికెడు పట్టినప్పుడు వ్రేలి కొనపై పడిన బలము ఆ మొదటి కీలు వద్ద సుమారు 12 రెట్లుగా పడునని శాస్త్రజ్ఞుల లెక్క. వెన్నుపై గట్టిపడిన కండను బొటనవ్రేలి కొనతో పది నిమిషములు నొక్కువారు ఈ లెక్కను ఒకసారి తలచుకొనవలెను. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుగా నుండి బొటనవ్రేలు వెనుకకు విల్లువలె వంగును. చూచువారు దానిని చేతి వాటమని మెచ్చుకొందురు గాని, మర్దనవృత్తిలో అది వరము కాదు. నొక్కినప్పుడు కీలు కూలబడి త్వరగా నొచ్చును.

తక్కిన జబ్బులను క్లుప్తముగా చెప్పెదము. ముడిచిన వ్రేలు తెరువబోవునప్పుడు చిక్కుకొని టక్కుమని విడుట స్నాయువు బిగిసిన గుర్తు. మణికట్టు వెనుక లేచు నీటిబుడ్డ పెక్కుసార్లు హానిలేనిది, నొప్పి లేనియెడల దాని జోలికి పోనక్కరలేదు. పాత విరుగుడు సరిగా అతుకక మణికట్టు వెనుకకు వంగనివారు ఆ సంగతి ముందే ఎరిగియుందురు. కీళ్ళవాతము వీనికంటె గంభీరమైనది. ఉదయము లేచిన తరువాత రెండుచేతుల వ్రేళ్ళును అరగంటకు మించి బిగిసియుండి, పిడికిలి మొదటి కణుపులు వాచిన, దానిని పనివలన వచ్చిన నొప్పియని త్రోసివేయరాదు. రక్తపరీక్ష చేయించి త్వరగా చికిత్స మొదలుపెట్టినచో కీళ్ళు పాడుగాకుండ కాపాడవచ్చును. ఆలస్యము చేసినయెడల వంకరలు పోయిన కీళ్ళను మందులు మరల సరిచేయజాలవు.

ఇంటివద్ద చేసికొనదగిన పరీక్షలు రెండు కలవు. రెండు అరచేతుల వెనుకభాగములను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు క్రిందికి వంగునట్లు, మోచేతులు ఎత్తి ఒక నిమిషము ఉంచవలెను. ఆ నిమిషములో మొదటి మూడువ్రేళ్ళకు తిమ్మిరి వచ్చినచో మధ్యమ నరమును అనుమానింపవచ్చును. అమెరికా శస్త్రవైద్యుడు ఫాలెన్ పేర ఇది ప్రసిద్ధము. రెండవది, బొటనవ్రేలిని పిడికిటిలో దాచి మణికట్టును మెల్లగా చిటికెనవ్రేలి వైపునకు వంచుట. బొటనవ్రేలి ప్రక్క మణికట్టువద్ద తీవ్రమైన పోటు పుట్టినచో ద కెర్వాన్ జబ్బు కావచ్చును. ఆరోగ్యవంతులకును దీనివలన కొంత నొప్పి కలుగును గనుక గట్టిగా వంచి భయపడరాదు. ఈ పరీక్షలు వైద్యునివద్దకు పోవుటకు ప్రేరణమే గాని తీర్పు కావు. మెడలోని నరము నలిగినను చేతికి తిమ్మిరి వచ్చును, దానిని వేరుచేయుట వైద్యుని పని. అవసరమైనచో నరములో విద్యుత్సంకేతము ఎంత వేగముగా పోవుచున్నదో యంత్రముతో కొలుతురు.

వైద్యుడు చేయి చూచి ఊరకుండక మధుమేహమునకు, థైరాయిడ్ గ్రంథికి రక్తపరీక్ష వ్రాసినచో ఖర్చు దండుగయని విసుగుకొనరాదు. ఈ రెండు జబ్బులలోను మధ్యమ నరము సులువుగా నలుగును. గర్భిణీస్త్రీలకు ఒడలిలో నీరు చేరుటవలన ఈ తిమ్మిరి వచ్చి, పెక్కుమందికి ప్రసవానంతరము దానియంతట తగ్గిపోవును. అట్టివారు ఆ నెలలలో వృత్తిని గురించి తుది నిర్ణయము చేసికొనకుండుట మంచిది.

చికిత్సలో మొదటిది అతి చౌకయైనది, అందుచేతనే నిర్లక్ష్యము చేయబడుచున్నది. రిస్ట్ స్ప్లింట్ అను మణికట్టు పట్టీలో లోపల రేకుగాని గట్టి బద్దగాని ఉండును. రాత్రులందు దానిని కట్టుకొని మణికట్టును సూటిగా ఉంచి నిద్రింపవలెను. ఆరువారములు విడువక కట్టినచో తొలిదశలో నున్నవారిలో పలువురకు తిమ్మిరి తగ్గును. సాగు గుడ్డతో చేసిన మెత్తని పట్టీ ఆ పని చేయదు, మరి గట్టిగా చుట్టినచో కీడు కూడ చేయును. ద కెర్వాన్ జబ్బునకు కట్టు పట్టీ వేరు, అది బొటనవ్రేలిని కూడ పట్టియుంచవలెను. అంగడివాడు ఇచ్చినది తెచ్చుకొనక వైద్యునకో ఫిజియోథెరపిస్టునకో చూపి సరిచూచుకొనుడు.

పట్టీతో తగ్గనిచో సూదిమందు కలదు. మధుమేహము గలవారికి ఈ స్టిరాయిడు మందు కొన్నాళ్ళు రక్తములోని చక్కెరను పెంచును గనుక ముందుగా చెప్పవలెను. సూదివేసిన తరువాత నొప్పి తగ్గుటను చూచి మరునాడే వెనుకటి పనిభారమును తలకెత్తుకొనుట పెక్కుమంది చేయు పొరపాటు. అప్పటికిని నెమ్మదింపనిచో సొరంగపు మూతయగు స్నాయుబంధమును కోసి నరమునకు చోటు కల్పింతురు. చేతివరకే మత్తిచ్చి చేయు చిన్న శస్త్రచికిత్స ఇది. పెక్కుమంది ఆనాడే ఇంటికి పోవుదురు.

అయినను మర్దనము చేయువారు శస్త్రవైద్యునికి తమ వృత్తిని తప్పక చెప్పవలెను. కాగితములు వ్రాయు గుమాస్తా కొద్దివారములలో పనికి పోగలడు. అరచేతి మడమనే పనిముట్టుగా వాడువారి సంగతి వేరు. శస్త్రచికిత్స జరిగిన చోటికి ఇరువైపుల అరచేతి మొదట ఆనించినచో కలుగు నొప్పి కొందరికి కొన్ని నెలలుండును. బరువైన మర్దనమునకు రెండుమూడు నెలలు పట్టవచ్చునని ముందే లెక్కించుకొని, ఆ కాలమునకు తిండిగింజలకు ఏర్పాటు చేసికొని శస్త్రచికిత్సకు పోవుట తెలివి. ఇంకొక హెచ్చరిక. బొటనవ్రేలి మొదట నున్న మెత్తని కండ పలుచబడి గుంటపడువరకు జాగుచేసినచో, తరువాత మూత కోసినను ఆ కండ పూర్తిగా తిరిగిరాకపోవచ్చును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. జబ్బు ఏదో తెలిసి, చికిత్స మొదలై, తిమ్మిరి తగ్గుముఖము పట్టినయెడల మర్దనవిద్యలో ఏది నేర్చుకొనవచ్చును? ఇచ్చట శిక్షణాలయమువారి కరపత్రములోని ‘అన్ని పద్ధతులు’ అను మాటను నమ్మక ఒక్కొక్క పద్ధతిని చేతితో తూచి చూడవలెను.

అభ్యంగనములో నూనె సమృద్ధిగా నుండును గనుక రాపిడి తక్కువ. మణికట్టును సూటిగా ఉంచి, అరచేతిని మెత్తగా పరచి, భుజమునుండియు నడుమునుండియు బలము తెచ్చినచో మితమైన బాధ గలవారును దీనిని చేయగలరు. కేరళ పద్ధతిలో ద్రోణియను కొయ్యబల్లకు ఇరువైపుల ఇద్దరు నిలిచి ఒక్క లయలో చేయుదురు. శరీరమును ఇద్దరు పంచుకొనుటచే చేతికి పని సగమగును. జబ్బుచేసిన చేతికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు లేదు. ఖర్చు తగ్గునని రెండవ మనిషిని తీసివేసిన కేంద్రములో ఈ మేలు లేదు.

ఉద్వర్తనము అట్లు కాదు. పొడి చూర్ణముతో రోమములకు ఎదురుగా బలముగా రుద్దవలెను. రాపిడి హెచ్చు, చేయి త్వరగా అలయును. పిళిచ్చిల్ మరింత కష్టము. వెచ్చని తైలములో గుడ్డను ముంచి, దేహముపై ధారగా పడునట్లు పిండుచు, రెండవచేతితో మర్దనము చేయుదురు. గుడ్డ పిండుటయనగా మణికట్టును మెలివేయుటయే గదా. ద కెర్వాన్ జబ్బు గలవారు ఈ పనిని తమది కాదని మొదటనే చెప్పివేయుట మేలు.

ఔషధపు ఆకులనో చూర్ణములనో గుడ్డలో మూటగట్టి వేడిచేసి అద్దు కిళి పద్ధతిలో వ్రేళ్ళతో కండను పిసుకనక్కరలేదు, అది లాభము. మూట పిడిని ఎడతెగక గట్టిగా పట్టియుండవలెను, అది నష్టము. పిడి సన్నగా నున్నకొలది పట్టు బిగించవలసి వచ్చును. పిడికి గుడ్డచుట్టి లావుచేసికొన్నయెడల చేతికి కొంత సుఖము. పాలలో ఉడికించిన ఞవర బియ్యపు మూటలతో చేయు ఞవరకిళికిని ఈ మాటయే వర్తించును. శిరోధారలో నూనె పాత్రనుండి నుదుటిపై సన్నని ధారగా పడును. దానికి కావలసినది చేతి బలము కాదు, కన్నుల జాగరూకత, ఓర్పు. చేతిజబ్బు గలవారికి ఇది చక్కని పని.

కాళ్ళతో చేయు మర్దనము కూడ మన దేశములో కలదు. కేరళలో కళరిప్పయట్టు విద్యతో ముడిపడిన చవిట్టి ఉళిచ్చిల్‌లో గురువు పైనుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని, నేలపై చాపమీద పరుండినవాని దేహమును పాదముతో రాచును. చేయి చెడినచో కాలున్నదిగదా యని వెంటనే ఆశపడరాదు. త్రాటిని పట్టుటలో చేతికి శ్రమ కలదు, సమతూకము తప్పినచో క్రింద నున్నవాని ప్రక్కటెముకలకు ప్రమాదము. దీర్ఘకాలము గురుముఖముగా నేర్చినవారికే అది తగును. పాదముకంటె దగ్గరనున్నది ముంజేయి. నూనెరాచిన ముంజేతితో వీపును, తొడలను పొడవుగా రాచినచో మణికట్టుకు విశ్రాంతి, పరుండినవారికి సుఖము. మోచేతి కొనను మాత్రము మితముగా వాడవలెను. దానికి క్రిందనున్న నరము, ఎముక తెలియవు.

ఏ పద్ధతి యైనను బల్ల ఎత్తు సరిపోనిచో చేతికి రక్షణ లేదు. నిటారుగా నిలిచి చేతులు వ్రేలాడవిడిచి పిడికిలి పట్టినప్పుడు వ్రేళ్ళ కణుపులు బల్లపై భాగమునకు తగులుట ఒక సుమారు కొలత. బల్ల ఎత్తయినచో బలమంతయు మణికట్టునుండి రావలసివచ్చును. పొట్టివారును పొడుగువారును ఒకే బల్లవద్ద పనిచేయు చోట నిలుచుటకు పీటయైనను అమర్చవలెను. బొటనవ్రేలితో నొక్కక తప్పనప్పుడు దానిని వంగనీయక చూపుడువ్రేలి ప్రక్కకు ఆనించియో, రెండవచేతిని మీద మోపియో నొక్కవలెను.

తిమ్మిరి గల చేతివలన మర్దనము చేయువానికే గాక చేయించుకొనువానికిని అపాయము కలదు. ఈ సంగతి శిక్షణాలయములలో తగినంత గట్టిగా చెప్పబడుట లేదని మా అభిప్రాయము. స్పర్శ మొద్దుబారిన వ్రేళ్ళకు నూనె ఎంత కాగినదో తెలియదు. కిళి మూట తనకు గోరువెచ్చగా తోచి ఎదుటివాని చర్మమును బొబ్బలెక్కింపవచ్చును. మధుమేహముచే పాదములు మొద్దుబారిన వృద్ధుడు పరుండియున్నయెడల ఆతడును చెప్పలేడు, ఈతడును కనిపెట్టలేడు. కావున వ్రేళ్ళకు తిమ్మిరి గలవారు వేడిని వ్రేళ్ళతో చూడక ముంజేతి లోపలి భాగముతో చూడవలెను, తోడివానిచే కూడ చూపింపవలెను. స్పర్శ పూర్తిగా పోయినవారు వేడితో కూడిన చికిత్సలు చేయరానే చేయరాదు.

యజమానులకు ఒక మాట. నొప్పియున్నదని చెప్పిన పనివానిని మరునాడే తొలగించు చోట ఎవ్వరును నొప్పి చెప్పరు. అందరును మాత్రలు మ్రింగి పనిచేయుదురు. కొన్నాళ్ళకు చేయితిరిగిన పనివారు ఒకరి వెనుక ఒకరు చేతులు చెడి పోవుదురు, క్రొత్తవారికి మరల నేర్పవలెను. బలమైన మర్దనము వెంటనే బలమైన మర్దనము వేయక, నడుమ శిరోధారగాని ఆవిరిపెట్టెపని గాని అప్పగించుట, ఇద్దరి నడుమ పావుగంట విరామమిచ్చుట పెద్దఖర్చు పనులు కావు.

పనివారును తమ హక్కు తెలిసికొనవలెను. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమైన ఇ.ఎస్.ఐ. పథకము నేడు దేశమున పలు జిల్లాలకు వ్యాపించినది. పదిమంది గాని అంతకు మించి గాని పనివారు గల సంస్థలలో, నిర్ణీత వేతనపరిమితికి లోబడినవారు చాలవరకు దీని పరిధిలోనికి వత్తురు. చందా దినముల నియమము పూర్తియైనవారికి చికిత్సయే గాక, వైద్యుడు విశ్రాంతి వ్రాసినప్పుడు సంవత్సరమునకు 91 దినముల వరకు సగటు వేతనములో 70 శాతము లభించును. శస్త్రచికిత్స తరువాత పట్టు కాలమునకు ఇది ఇంచుమించు సరిపోవును. పనిలో చేరునప్పుడే తన పేరు నమోదైనదో లేదో అడుగుట మర్యాదకు లోపము కాదు. ఇండ్లకు పోయి సొంతముగా మర్దనము చేయువారికి ఈ రక్షణ లేదు. వారు తమకు తామే పొదుపు చేసికొనవలసినవారు.

కొందరు ఈ వృత్తిలో చేరకుండుటయే మంచిది. కీళ్ళవాతము ఇంకను అదుపులోనికి రాక కణుపులు వాచియున్నవారు, బొటనవ్రేలి కండ గుంటపడినవారు, పగలును రాత్రియు వ్రేళ్ళు మొద్దుబారియున్నవారు మొదట చికిత్స పొంది, వైద్యుడు సరేయన్న తరువాతనే ఆలోచింపవలెను. మొదటి కీలు బాగుగా అరిగినవారికి బొటనవ్రేలిపై ఆధారపడు మర్దనములు జీవితాంతము కూడనివి. ఇది చెప్పుట మాకును కష్టమే. కాని అప్పుచేసి నేర్చిన విద్యను ఆరునెలలలో విడువవలసి వచ్చుట అంతకంటె కష్టము.

ఆసుపత్రి బల్లపై కూర్చుండిన ఆ యువతికి వైద్యుడు చేయి పరీక్షించి ఇట్లు చెప్పవచ్చును. “అమ్మా, కండ చెడలేదు, స్పర్శ పోలేదు. జబ్బు తొలిదశలో నున్నది. ఈ ఆరువారములు రాత్రులందు పట్టీ కట్టుము. బీడీలు చుట్టు పని సగమునకు తగ్గించుము. థైరాయిడు, చక్కెర పరీక్షలు చేయించుకొని రమ్ము. ఈలోపల శిక్షణాలయమునకు పోయి నాలుగు సంగతులు అడుగుము. వారములో ఎన్నిగంటలు చేతిపని? పిళిచ్చిల్, ఉద్వర్తనము చేయలేనివారికి సర్టిఫికెట్టు ఇత్తురా? బల్ల ఎత్తు మార్చుకొనవచ్చునా? చేయి సహింపక నడుమ మానినచో ఫీజులో ఎంత తిరిగి ఇత్తురు? చేరుటకు ముందు ఒక వారము కూర్చుండి చూడనిత్తురేమో అదియు అడుగుము.”

“అప్పు మాట, అయ్యా?”

“సంఘమువారిని రెండునెలలు ఆగమని చెప్పుము. చేయి సంగతి దాచకుము. తిమ్మిరి తగ్గినచో నేనే కాగితము వ్రాసి ఇత్తును. తగ్గనిచో సూదిమందో, నరపు పరీక్షయో చూతము. అప్పటికి వారిచ్చిన జవాబులు కాగితముపై వ్రాసికొని రమ్ము. పట్టీని కూడ వెంట తెమ్ము, సరిగా కట్టుచున్నావో లేదో చూడవలెను.”